పదును దాటినాక వాన

ఆమధ్య నల్లమాడలో బస్సు దిగిన మా మేనల్లుడి చంకలో లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఉంది. బంగారు రంగు అంచు, మధ్యలో విశ్వవిద్యాలయం ముద్ర, కింద ముగ్గురు పెద్దల సంతకాలు. పట్టా అనుకుని మా అమ్మ పసుపు కుంకుమ తెచ్చింది. తీరా చూస్తే అది పట్టా కాదు, ‘ఉద్యోగ మార్గదర్శక శిబిరం’లో పాల్గొన్నట్టు ధ్రువపత్రం.

‘ఇది చూపిస్తే జీతమిస్తారా అబ్బీ?’ అనడిగింది అమ్మ.

‘లేదవ్వా. జీతం ఎట్ల సంపాదించుకోవాల్నో నేర్చుకున్నట్టు.’

‘నేర్పించినోళ్లకు జీతమొస్తాందా?’

‘వస్తాంది.’

‘అయితే వాళ్లకు బాగానే తెలుసులే’ అని పసుపు కుంకుమ లోపలికి తీసుకుపోయింది.

అది ఏ విశ్వవిద్యాలయమో మాత్రం నేను చెప్పను. ఒక్కదాని పేరు చెబితే మిగతావి ‘మేమేం తక్కువ చేశాం?’ అని నొచ్చుకుంటాయి.

శిబిరం ఎట్లా జరిగిందో మావాడే చెప్పాడు. అప్పట్లో నాక్ వాళ్లు విశ్వవిద్యాలయాలకు మార్కులు వేసిన ఏడు ప్రమాణాల్లో ఐదోది విద్యార్థులకు అందిన ఆసరా గురించి. పోటీ పరీక్షలకు, ఉద్యోగాలకు ఎంతమందికి దారి చూపారో అందులో లెక్క చెప్పాల్సి ఉండేది. తనిఖీ బృందం వస్తోందనగానే గోడలకు సున్నం, గేటుకు రంగు, విద్యార్థులకు మార్గదర్శనం ఒకే వారంలో పడ్డాయి. ఎండాకాలం, చివరి సెమిస్టరు, పరీక్షలకు ఇంకా మూడు వారాలు. హాలు నింపడానికి తెలుగు, చరిత్ర, గణితం, జంతుశాస్త్రం అనే తేడా లేకుండా అందరినీ తోలుకొచ్చారు. హైదరాబాదు నుంచి దిగిన వక్త ముందుగా ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అన్నాడు. ఆ తర్వాత టై కట్టడం నేర్పాడు. ఫ్యాన్లు తిరగని హాల్లో, ఆ ఎండలో, నలభై నిమిషాలు టై ముడే సరిపోయింది. ఎకనామిక్స్ చదివినవాడు ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చో చెప్పబోయేసరికి పులిహోర పొట్లాలు వచ్చేశాయి.

ఫొటో మాత్రం దివ్యంగా వచ్చింది. నాక్‌కు పంపే ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా పడాలి. మావాడు మూడో వరుసలో, కిటికీ పక్కన ఉన్నాడు. వాడు ఎక్కడ కూర్చున్నాడో ఆ ఫొటో చూసి ఉపగ్రహమైనా చెప్పగలదు. అక్కడి నుంచి లేచి వాడు ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లే లేకపోయారు.

మేం కరువు నేలవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే కడుపు నిండినట్టే లెక్క. విమానాలు తెప్పించి మబ్బుల మీద ఉప్పు చల్లించుకున్న మేఘమథనం కాలం కూడా చూశాం. అందుకని ఈ లెక్కల కిటుకు మాకు చప్పున అర్థమవుతుంది. చెనిక్కాయ పంటకు వాతావరణ బీమా పెట్టినప్పుడు వాననెక్కడ కొలిచేవాళ్లు? వానమాని ఉన్న చోట. అక్కడ చినుకు పడితే ఆరు మైళ్ల అవతల మా చేనూ తడిసినట్టే రాసుకునేవాళ్లు. శిబిరంలో సంతకాల పుస్తకం కూడా వానమానే. సంతకం పడిందంటే దారి చూపినట్టే.

ఇంకో కిటుకు ఉంది. చదువు ముగించినవాళ్లలో ఉద్యోగాలు వచ్చినవాళ్లనే కాదు, పైచదువుకు పోయినవాళ్లనూ నాక్ ఐదో ప్రమాణం కింద విజయాలుగానే చూపుకునేవాళ్లు. ఆ శిబిరం అయినాక మావాడు 2023లో ఎకనామిక్స్ పీజీ ముగించాడు. పని దొరక్క ఏడాది ఖాళీగా ఉండి, హాస్టల్లో మంచమైనా దక్కుతుందని గ్రామీణాభివృద్ధిలో రెండో పీజీకి చేరాడు. మా ఇంట్లో దాన్ని నిరుద్యోగం అన్నారు, లెక్కల్లో దాని పేరు పురోగతి. ఈ లెక్కన వాడు మూడో పీజీ కూడా చేరితే విశ్వవిద్యాలయానికి ఇంకో విజయం. మాకు ఇంకో లామినేషన్.

మార్గదర్శక విభాగం చూసే సారును తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన అతిథి అధ్యాపకుడు. పీరియడుకింత అని డబ్బులు. పరీక్షలప్పుడూ సెలవుల్లోనూ ఆ ‘ఇంత’ కూడా ఉండదు. 2023 చివర్లో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినప్పుడు ఆయనా దరఖాస్తు పెట్టాడు. నోటిఫికేషన్లు వచ్చాయి, కుర్చీలు రాలేదు. మావాడు వెళ్లి ‘సార్, నాకేదైనా దారి చెప్పండి’ అంటే ఆయన తలుపు దగ్గరికి వేసి, ‘నీకేదైనా తెలిస్తే నాకూ చెప్పు నాయనా’ అన్నాడట.

పాత ఏర్పాట్లు లేవని కాదు. ఆంధ్రా, ఉస్మానియా లాంటి పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార కేంద్రాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఖాళీలుంటే ఉపాధి కార్యాలయానికి తెలపాలని 1959లోనే చట్టం వచ్చింది. తెలిపాక అక్కడి నుంచే తీసుకోవాలని మాత్రం అందులో రాయలేదు. భోజనానికి రమ్మన్నారు గానీ విస్తరి వేస్తామని అనలేదన్నమాట. మావాడి ఉపాధి కార్డు అనంతపురానిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను చీల్చి నల్లమాడను శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు. మనిషి కదల్లేదు, కార్డు కదల్లేదు, జిల్లా మాత్రం పుట్టపర్తికి పోయింది. వాడి జీవితంలో ఇప్పటిదాకా జరిగిన బదిలీ అదొక్కటే.

నిజానికి కేంద్రం పని అడిగే హక్కుకు విత్తు వేసింది మా అనంతపురం మట్టిలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ ఉపాధి హామీని మొదలుపెట్టారు. పని కావాలని కాగితమిస్తే 15 రోజుల్లో చూపాలి, చూపకపోతే భృతి ఇవ్వాలి, పని చోట నీళ్లూ నీడా ఉండాలి అని అందులో రాశారు. ఎంత అమలైందనేది వేరే సంగతి, రాతలోనైతే గడువు పెట్టారు. పార పట్టినోడికి 15 రోజుల గడువు పెట్టిన దేశం, పట్టా పట్టినోడికి గడువు పెట్టడం మరిచిపోయింది.

అమెరికాలో ఎట్లా ఉంటుందని డల్లాస్‌లో ఎం.ఎస్. ముగించిన మా పక్కవీధి పిల్లాణ్ణి అడిగా. చాలా యూనివర్సిటీల్లో చేరిన మొదటి సెమిస్టరు నుంచే కెరీర్ సెంటర్‌కు పోయి రెజ్యూమే దిద్దించుకోవచ్చట, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు కూడా చేస్తారట. మరి ఉద్యోగం? ‘అది మనమే వెతుక్కోవల్ల అన్నా. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే ఈ దేశంలో ఉండనీయరు’ అన్నాడు. ఆ రూలు ఇక్కడ పెడితే నల్లమాడలో ముసలివాళ్లూ మేకలూ మిగులుతారు. ఇప్పటికే పొద్దున బెంగుళూరు బస్సు పోయినాక మిగిలేది దాదాపు వాళ్లే.

ఇక అధ్యాపక అర్హతకు పెట్టే నెట్ పరీక్ష. అందులో పరిశోధన ఫెలోషిప్పు వస్తే నెలకు 37,000 రూపాయలు. మావాడు 2024 జూన్ 18న దేశంలోని తొమ్మిది లక్షల పైచిలుకు మందితో కలిసి రాశాడు. ఆ రాత్రి ఇంట్లో పాయసం. మర్నాడు, 19న, పరీక్ష రద్దు. పేపరు బయటికొచ్చిందన్నారు. ఆ తర్వాత సీబీఐ చూస్తే, లీకుకు రుజువుగా తిరిగిన స్క్రీన్‌షాటే దొంగదని తేలింది. పరీక్ష మళ్లీ పెట్టారు, పాయసం మళ్లీ చెయ్యలేదు. మావాడు కొద్ది మార్కుల్లో తప్పిపోయాడు.

ఆ డిసెంబరు పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి వాణ్ణి తీసుకుని బస్టాండు దగ్గరి జిరాక్స్ అంగడికి పోయాను. అంగడాయన చదివింది పదో తరగతి, అదీ ఒక సబ్జెక్టు బాకీ. అద్దం తలుపు మీద మార్కరుతో ఏ పరీక్షకు ఆఖరు తేదీ ఎప్పుడో రాసి ఉంది. తేదీ దాటినవి అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. మావాడి ఫొటోను చెవులు కనపడేట్టు కత్తిరించి, కేబీలు తగ్గించి, సంతకాన్ని తెల్ల కాగితం మీద మూడుసార్లు పెట్టించి, మూడోది ఎంచుకున్నాడు. మావాడు లామినేషన్ కాగితం తీసి, ‘అన్నా, ఇది గూడా ఎక్కించు’ అన్నాడు.

అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘దీనికి గడి లేదప్పా’ అన్నాడు.

అప్పుడే అడ్మిషన్ కాగితాలు జిరాక్స్ చేయించుకోవడానికి ఒక పిల్ల వచ్చింది. పీజీ మొదటి ఏడాది. ఆయన కాపీలు తీస్తూ తీస్తూ, తలెత్తకుండానే చెప్పాడు: ‘పాసయ్యేదాకా ఆగొద్దు తల్లీ, రెండో ఏడాదిలో ఉండంగానే నెట్ రాయొచ్చు. ఏటా రెండుసార్లు పెడతారు. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్టుకు ముందే అర్జీ పెట్టుకో. ఆఖరి రోజుల్లో తిరిగితే ఆఫీసులో సంతకం పెట్టే సారుండడు.’ పది రూపాయలు తీసుకున్నాడు, అదీ కాపీలకు.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే అమ్మ, ‘మరి మనోనికి ఆ చెప్పే సార్లు ఎప్పుడొచ్చిరి?’ అంది.

‘ఆఖరు నెలలో.’

‘పదును పొయ్యినాక గొర్రు కట్టినట్లుంది’ అని విత్తనపు కాయలు ఏరుకుంటూ కూర్చుంది. వాన ఎంత పడిందని కాదు, విత్తే నాటికి పడిందా లేదా అనే మా సేద్యంలో అడుగుతారు. ఆ పిల్లకు పదునులో పడిన మాట ఏ ఫొటోలోనూ లేదు, ఏ ప్రమాణం కిందా చేరదు.

అంతకుముందు, ఇంటికి బయల్దేరేటప్పుడు, మావాడు మాత్రం అంగడి మెట్ల మీదే ఆగిపోయాడు. రెండో ఏడాదిలోనే నెట్ రాయొచ్చన్నది వాడు తొలి పీజీ చేతికొచ్చాక తెలుసుకున్న సంగతి. వెనక్కి తిరిగి, ‘అన్నా, ఈ ముక్క నాకు అప్పుడే చెప్పుంటే…’ అన్నాడు.

అంగడాయన మిషను మీద మూత వేశాడు.

‘నువ్వప్పుడు జిరాక్స్‌కు రాలేదు గదప్పా.’