కాదన్నావా, ఔనన్నట్టే!

మా చిన్నప్పుడు వీధిలోకి సోది చెప్పే ఆవిడ వచ్చేది. బుట్ట దించి, చేటలో బియ్యం పోయించుకుని, మా పిన్ని చెయ్యి పట్టుకుని "నీ మనసులో ఓ మగమనిషి మీద బెంగుంది తల్లీ" అనేది. "అదేం లేదే" అంటే "ఐతే ఆడమనిషి మీద" అని సర్దుకునేది. ఎదుటి మనిషి కాదంటే కాదనే ఆవిడ నమ్మకం. పాపం, వియన్నాలో చదువుకోలేదు.

అక్కడ బెర్గ్‌గాసె వీధి 19వ నంబరు ఇంట్లో 1891 నుంచి 1938 దాకా ఉన్న డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్ గారు ఈ లోపాన్ని సవరించారు. రోగి ఔనంటే ఔను. కాదంటే, అచేతనంలో అణిగి ఉన్నదేదో బయటపడకుండా అడ్డుకుంటోంది కాబట్టి ఇంకా పెద్ద ఔను. 1925లో దీనిమీద ఓ వ్యాసమే రాశారు. కలలో కనిపించినావిడ ఎవరోగానీ మా అమ్మ మాత్రం కాదండీ అని రోగి అన్నాడనుకోండి, డాక్టరు రాసుకోవలసింది అమ్మే అని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాణ్ణి మనం మొండివాడంటాం. నాలుగో కాలు చూపించినవాడికే జబ్బుందని తేల్చేవాణ్ణి శాస్త్రజ్ఞుడనాలి కాబోలు.

బొమ్మ పడితే నేను గెలిచా, బొరుసు పడితే నువ్వు ఓడావు అన్నట్టుంది ఈ ఆట అని ఆక్షేపించినవాళ్లు అప్పుడే ఉన్నారు. 1937లో ఫ్రాయిడ్ గారు ఆ మాట తానే ఎత్తి జవాబిచ్చారు: రోగి కాదన్నదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోని మాట నిజమే, కానీ ఔనన్నదాన్ని మాత్రం తీసుకుంటున్నామా? నిష్పక్షపాతమంటే ఇదీ! రోగి మాట ఏ పక్కన పడ్డా చెల్లదు. చెల్లేదల్లా ఫీజు. బంగారానికీ మలానికీ అచేతనంలో చుట్టరికం ఉందని 1908లో చెప్పిన ఆయనే, రోగి రాని గంటకు కూడా రుసుము కట్టాల్సిందేనని 1913లో నియమం పెట్టారు.

తమాషా ఏమిటంటే, ఈ చికిత్సకు 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది ఓ రోగే. బెర్తా పాపెన్‌హైమ్. అదీ ఫ్రాయిడ్ రోగి కాదు, ఆయన మిత్రుడు డాక్టర్ బ్రాయర్ రోగి. ఆ పేరు చూసి, ఇక్కడ చెల్లేది తమ మాటేనని ఎందరు మోసపోయారో!

సిద్ధాంతంగా వింటుంటే సరదాగానే ఉంటుంది, ముక్కులోంచి రక్తం కారనంత వరకు. ఫ్రాయిడ్ ప్రాణస్నేహితుడు, బెర్లిన్ ముక్కు డాక్టరు విల్‌హెల్మ్ ఫ్లీస్‌కు ముక్కుకీ జననేంద్రియాలకీ లంకె ఉందని గట్టి నమ్మకం. బోడిగుండుకీ మోకాలికీ ముడి అని మనం నవ్వి ఊరుకునేదాన్ని ఆయన కత్తి పట్టుకుని మరీ వేశారు. 1895 ఫిబ్రవరిలో ఎమ్మా ఎక్‌స్టయిన్ అనే ఫ్రాయిడ్ రోగికి ముక్కు ఆపరేషన్ చేసి బెర్లిన్ వెళ్లిపోయారు. వాపు, దుర్వాసన, ఆగని రక్తం. మరో సర్జన్ వచ్చి గాయంలో కనిపించిన దారం లాగితే, లోపల మరిచిపోయిన గాజుగుడ్డ అరమీటరు పొడవున బయటికొచ్చింది. దాని వెనకే రక్తం వరద. ఫ్రాయిడ్‌కు కళ్లు తిరిగాయి. పక్కగదిలో ఇంత బ్రాందీ పుచ్చుకుని తేరుకుని వస్తే, మంచమ్మీది మనిషే ఆయన్ని చూసి మగజాతి ధైర్యాన్ని ఎత్తిపొడిచింది. ఇదంతా గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, స్నేహితుడికి ఆయన స్వయంగా రాసుకున్నదే. అక్కడితో ఆగితే ఆపరేషన్ బల్ల దగ్గర జరిగిన ఘోరమైన పొరపాటు అనుకుందుం. మరుసటి ఏడు ఫ్లీస్‌కే తీర్పు రాసి పంపారు: ఆ రక్తం హిస్టీరియా వల్ల, కోరిక వల్ల కారిందని! అరమీటరు గుడ్డకు అచేతనం లేదు గనక విశ్లేషణ తప్పించుకుంది.

ఇక చిన్న హాన్స్. బండి లాగే గుర్రం కూలబడటం చూసిన ఐదేళ్ల పసివాడికి గుర్రాలంటే దడ. మనమైతే దిష్టి తీసి పడుకోబెడతాం. 1909 నాటి ఫ్రాయిడ్ గ్రంథం ప్రకారం గుర్రం గుర్రం కాదు, నాన్న. దాని మూతి దగ్గరి నలుపు నాన్న మీసం. 1922లో ఆ కుర్రాడు పెద్దవాడై వచ్చి, నాకివేవీ గుర్తులేవన్నాడు.

కలకత్తాలో 1922లోనే మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, మా రోగులు మీ యూరప్ రోగుల్లా లేరండీ అని ఫ్రాయిడ్‌కు రాశారు. ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఇక్కణ్ణుంచి దంతపు విష్ణుమూర్తి కూడా వెళ్లింది. విష్ణువుకు బల్లమీద చోటు దొరికింది. బోస్ అభ్యంతరానికి సిద్ధాంతంలో దొరకలేదు. మన విమర్శకుల్లోనూ కొందరికి ఈ గాలి సోకింది. 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లిమీది అపవాదు వెంటాడుతోందని బుచ్చిబాబు బాహాటంగానే చెబుతుంటే, ఆగవయ్యా, నీకు తెలీదు, అది ఈడిపస్, తల్లిమీద అణిగి ఉన్న కోరిక అని రచయితకే పాఠం చెప్పగలరు.

అసలు కథ డోరాది. 1900లో, ఫ్రాయిడ్ పుస్తకంలో డోరా పేరుతో కనిపించే పద్దెనిమిదేళ్ల ఇడా బావర్‌ను తండ్రే తీసుకొచ్చి, కాస్త దారిలో పెట్టమన్నాడు. ఆ తండ్రికి ఓ స్నేహితుడి భార్యతో సంబంధం. ఆ స్నేహితుడు, పుస్తకంలో హెర్ కె., ఈ పిల్లమీద కన్నేశాడు. పద్నాలుగేళ్లప్పుడు ఒంటరిగా దొరకబుచ్చుకుని ముద్దు పెట్టాడు. తర్వాత సరస్సు ఒడ్డున మళ్లీ కదిలిస్తే చెంప ఛెళ్లుమనిపించింది. ఇంట్లో చెబితే కట్టుకథ అన్నారు. ఫ్రాయిడ్ నమ్మారు, ఆమాత్రం మెచ్చుకోవాలి. కాకపోతే, ఆ ముద్దుకు పులకరించకుండా అసహ్యించుకుంది గనక అప్పటికే హిస్టీరియా ఉందన్నారు. నీకు అతనంటే ప్రేమ అన్నారు. కాదంది. ఇంకేం కావాలి?

పదకొండు వారాలు ఓపికపట్టి, డిసెంబర్ 31న ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది. తర్వాత కె. దంపతుల ఇంటికి తనే వెళ్లి నిలదీసింది. భార్య కాదనలేదు. భర్త సరస్సు సంగతి ఒప్పుకున్నాడు. రోగిని పడుకోబెట్టే సోఫా లేకుండా, ఒక్క పూటలో.

1902 ఏప్రిల్ 1న కుడిచెంప నొప్పితో మళ్లీ ఫ్రాయిడ్ గడప తొక్కింది. ముందు ఆయన తేదీ గమనించారు. నొప్పి ఎన్నాళ్లుగా అంటే రెండు వారాలంది. ఆయనకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే పేపర్లో ఆయన గురించి వార్త పడింది మరి! ఎప్పుడో హెర్ కె.ను కొట్టిన చెంపదెబ్బకు తనను తాను శిక్షించుకుంటోందని నిర్ధారణైంది. కొట్టించుకున్నవాడి చెంప ఎలా ఉందో ఎవరూ అడగలేదు.