పత్తర్‌గట్టీ ఇంచిటేపు

నా పొడవు 60 అంగుళాలు. పత్తర్‌గట్టీలో షేర్వాణీలు కుట్టే మాస్టర్‌సాబ్ మెడలో వేలాడుతూ పెళ్లికొడుకుల ఛాతీలు, నడుములు కొలిచేదాన్ని. కొలతలిచ్చేటప్పుడు అందరూ పొట్ట లోపలికి పీల్చుకుంటారు. చేతుల విషయంలో మాత్రం ఎవరూ అబద్ధమాడలేరు.

లాల్‌దర్వాజా కుర్రాడొకడికి ఆస్తీన్ రెండుసార్లు పొట్టిదైంది. "క్యా భాయ్, చేతులు ఇంకా పెరుగుతున్నయా?" అని మాస్టర్‌సాబ్ నవ్వాడు. కోటు ట్రయల్‌కొచ్చి కూర్చున్న ఉస్మానియా డాక్టరు నవ్వలేదు. "మాస్టర్, ఆ టేపు ఓసారి ఇవ్వు" అన్నాడు.

కుర్రాణ్ణి గోడకానించి చేతులు బార్లా చాపమన్నాడు. నేను చాలలేదు. సుద్దతో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి మళ్లీ పరిచాడు. ఎత్తు 186 సెంటీమీటర్లు, బార 199. బార ఎత్తుకు 1.05 రెట్లు దాటితే అనుమానించాలట. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమంటే గోరు అవతలికి పొడుచుకొచ్చింది.

"మీ ఇంట్ల చిన్న వయసుల ఎవరన్న పోయిన్రా?"

"నాయిన సార్. 38 ఏండ్లకు. ఛాతిల నొప్పని కూలవడ్డడు. హార్టెటాక్ అన్నరు."

మాస్టర్‌సాబ్ నన్ను డాక్టరుకే ఇచ్చేశాడు. ఆయనకు కొత్త టేపు దొరకడం ఎంతసేపు!

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఎకో గదిలో నా పెద్దరికం పోయింది. ఆ యంత్రం నేను చేరలేని చోట కొలుస్తుంది. గుండె నుంచి బయల్దేరే మహాధమని మొదట్లో ఉబ్బి 46 మిల్లీమీటర్లుంది. జబ్బు పేరు మార్ఫాన్. 1896లో పారిస్‌లో ఆంట్వాన్ మార్ఫాన్ ఓ అయిదేళ్ల పాప పొడవాటి వేళ్ల గురించి రాశాడు గానీ, గుండె ఊసెత్తలేదు. కారణమైన ఎఫ్‌బీఎన్1 జన్యువు 1991లో గానీ దొరకలేదు. అది చెడితే ధమని గోడ నేత వదులైన బట్టలా సాగుతుంది, ఓ రోజు లోపలి పొర చీలుతుంది. ఆ నొప్పి గుండెపోటు నొప్పిలాగే ఉంటుంది. గుండెపోటని రక్తం పలుచన చేసే మందిస్తే ప్రాణం మీదికొస్తుంది. నాయినకు జరిగింది ఇదేనా అన్నది ఇక తేలదు.

కుర్రాడికి బీటా బ్లాకర్ రాశారు. బరువులెత్తొద్దన్నారు. కంట్లో లెన్స్ జారిందేమో చూపించుకోమన్నారు. క్రమం తప్పకుండా ఎకో. 50 దగ్గరపడితే ఆపరేషన్. పాడైన మొదలును కవాటంతో సహా మార్చే బెంటాల్ పద్ధతి 1968 నుంచీ ఉంది. చీలాక పరుగెత్తడం కన్నా చీలకముందే చేయించుకోవడం ఎంతో సురక్షితం.

తల్లి కొంగు నలుపుతూ అడిగింది: "మాది మేనరికం సార్, గందుకేనా?"

"కాదమ్మా. ఇది ఒక్కరి నుంచి వస్తే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కొందరికి అమ్మానాన్నలిద్దరికీ లేకున్నా వస్తుంది."

మేనరికం మీద ఎన్ని నిందలు వేస్తారో! ఈసారి మాత్రం దాని తప్పేమీ లేదు.

మర్నాడు చెల్లెల్ని కొలిచాను. కొత్తగా పెళ్లయిన పిల్ల. గర్భంతో ఉన్నప్పుడు ధమని మీద భారం పెరుగుతుంది కనక, బిడ్డ సంగతి ఆలోచించేముందే ఎకో కావాలి. జిమ్ముకెళ్లే తమ్ముడు మొదట మొరాయించాడు. జన్యు పరీక్ష సంగతి మాట్లాడేందుకు ముగ్గుర్నీ పంజాగుట్ట నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి పంపారు.

"నాయిన వైపు ఇంకెవరున్నారు?" అన్నాడు డాక్టరు.

"ఆడిబిడ్డ ఉంది సార్, మహబూబ్‌నగర్‌ల. ఇద్దరు పిల్లలు."

"పొడుగ్గా ఉంటారా?"

"పెద్దోడు దర్వాజల తలొంచి వస్తడు."

"ఫోన్ చెయ్యమ్మా. ముగ్గుర్నీ రమ్మను."