శ్రమ దినాల్లో పేదల్ని ఆదుకోవడం ఎలా (మీకు ఇబ్బంది లేకుండా)

ముందు బ్యానరు కొట్టించండి, దుప్పట్లు తర్వాత కొనొచ్చు. పైన సిలువ, ఎడమవైపు అయ్యగారు, కుడివైపు మీ కుటుంబం, మధ్యలో ‘పేదలకు దుప్పట్ల పంపిణీ’ అని పెద్దక్షరాల్లో ఉండాలి. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చాయి. ఆ మధ్యకాలంలో బాన్సువాడలో ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. కాబట్టి దుప్పట్లే సరైన దానం. ఎవరూ కప్పుకోరు, చిరగవు, అంచు మీద అచ్చేయించిన మీ పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది.

పంపిణీలో మెలకువంతా ఫొటో దగ్గరే. దుప్పటి ఒక కొస మీరు, ఇంకో కొస అవ్వ పట్టుకోవాలి. క్లిక్ అయ్యేదాకా మీ కొస వదలకండి. అవ్వ కెమెరా వైపు చూడదు, దుప్పటి మందం చూసుకుంటుంది. “ఇటు జూడవ్వా” అనడానికి యూత్ పిల్లల్లో ఒకణ్ణి పెట్టండి. ఒక్కోసారి అవ్వ చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు ఉంటాయి. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయింది, ఎవరన్నా చదివి చెప్తారేమోనని తెచ్చుకుంది. “జర చూడు బిడ్డా” అంటుంది. “తర్వాత చూద్దాం అవ్వా” అని లైను ముందుకు జరపండి. కాగితం విప్పితే పని పోస్టాఫీసు, మండలాఫీసు దాకా పోతుంది. అక్కడ మీ వెంట ఫొటోగ్రాఫరు రాడు.

బియ్యం సంచులు కూడా పంచండి. 2025 ఏప్రిల్ నుంచి రేషను కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్న మాట నిజమే, ఇంట్లో బియ్యం ఉన్నవాళ్లకే మీరు బియ్యం ఇస్తున్న మాటా నిజమే. అయినా ఏం కావాలని మాత్రం అడగకండి. అడిగారా, కార్డులో కోడలి పేరు ఎక్కలేదంటారు. కొడుకు దుబాయి పోయేటప్పుడు ఏజెంటుకు కట్టిన అప్పుకు మిత్తి పెరుగుతోందంటారు. బిడ్డను కాన్పుకు మాతా శిశు ఆసుపత్రిలో చేర్చి, బయట మూడు రోజులుగా అరటిపండ్లతో గడుపుతున్నామంటారు. ఆ ఆసుపత్రి గేటు మన చర్చికి దూరమేం కాదు, కానీ అక్కడ స్టేజి కట్టనివ్వరు.

పిడికెడు బియ్యం ఆచారాన్ని వీలైనంత త్వరగా మాన్పించండి. ఎసట్లో పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. పిడికిలికి 50 గ్రాములనుకున్నా 40 రోజులకు 2 కిలోలు. చర్చిలో అందరివీ కలిసిపోతాయి, ఏ గింజ ఎవరిదో తెలియదు. పైగా కూలికి పోయే ఆడవాళ్లు కూడా వేస్తారు. పుచ్చుకోవాల్సిన వాళ్లే ఇచ్చేవాళ్లయితే మన వరస ఏం కావాలి?

కూటాల్లో ప్రసంగీకుల్ని చూసి పిలవండి. చరిత్ర తెలిసినవాళ్లు ప్రమాదం. మెదక్ చర్చి అంటారు: కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర జనానికి పని చూపించి తిండి పెట్టాడనీ, 1914లో మొదలైన కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయిందనీ చెప్తారు. సరే, దాంతో పెద్ద చిక్కు లేదు. “మనమూ ఒక కట్టడం కడదాం” అని చర్చి గేటుకు ఆర్చీ వేయించుకోవచ్చు.

డిచ్‌పల్లి కథ మాత్రం చెప్పనివ్వకండి. అది మొన్న 2016 దాకా మన జిల్లానే. 1907లో భర్త జార్జితో కలిసి వచ్చిన ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠు రోగుల్ని చేరదీసింది. రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చాడు. ఆయన హిందువు, మన సంఘంలో సభ్యత్వం కూడా లేదు! 1915కల్లా విక్టోరియా ఆసుపత్రి లేచింది. అప్పటి వైద్యం చాల్‌మోగ్రా నూనె సూదులు. నొప్పి సూదులు, ఒకటి రెండింటితో అయ్యేవి కావు, నెలల తరబడి వేయాలి. అంటే అదే మనిషిని మళ్లీ మళ్లీ చూడాలి, పేరు తెలుసుకోవాలి, పుండు తగ్గిందా అని అడగాలి. దుప్పటి తీసుకున్న అవ్వ పేరు మీకెవరికైనా గుర్తుందా? అక్కర్లేదు కూడా. అందుకే మన పద్ధతి మేలు.

ఉపవాసం నిష్ఠగా చేయండి, నలుగురికీ తెలిసేలా చేయండి. మానేసిన మధ్యాహ్నం భోజనం ఖర్చు ఎటు పోయిందని లెక్కలడిగేవాళ్లుంటారు, వాళ్లకు విరమణ రోజు బిర్యానీలో రెండు ముక్కలు ఎక్కువ వేయించండి. వాక్యం చదివే వంతు వస్తే యెషయా 58వ అధ్యాయం జోలికి పోకండి. ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్లను పీడించేవాళ్ల గురించి అందులో ఉంది, వినేవాళ్లలో మీ పనివాళ్లూ ఉంటారు.

ఆ మాటకొస్తే మీ ఇంట్లో బాసన్లు తోమే అక్కను కూడా లైనులో నిలబెట్టండి. పోయిన నెల బిడ్డకు జ్వరమని రెండు రోజులు రాలేదని జీతంలో కోశారు గదా, స్టేజి మీద ఆమెకు రెండు దుప్పట్లివ్వండి. దిగేటప్పుడు మెల్లగా “అమ్మా, ఆ రెండు రోజుల పైసలు...” అంటుంది. పండుగ అయినంక మాట్లాడదామనండి. అప్పటికి ఎండాకాలం సెలవులు, మీరు పిల్లలతో హైదరాబాదులో ఉంటారు.