మీటరు తీగ గృహస్థు

కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీలోనో మాదాపురములోనో మేడపైని యొంటిగదిని అద్దెకు తీసికొని, స్వయంపాకమునకు స్వస్తి చెప్పి, ద్విచక్రవాహనారూఢులు తెచ్చియిచ్చు పొట్లములతో ప్రాణధారణ మొనర్చుచుండు బ్రహ్మచారి యొక్కడైనను లేని వీథి యరుదు. ఇల్లు చూడబోయినప్పుడు ఇతడు గాలివెలుతురుల ప్రసంగము తేడు. మంజీరా నీళ్లు వచ్చునా యని యడుగడు. గది నడుమ నిలిచి ఫోను పైకెత్తి సిగ్నలు గీతలు లెక్కించి, పిదప మోకాళ్లపై వంగి గోడల యడుగున ప్లగ్గు పాయింటును వెదకును.

ఆ ప్లగ్గే యతని వాస్తుపురుషుడు. ఉత్తరమునకు తల పెట్టి పరుండరాదని తాతల నాటినుండి వంశమున పాటించుచు వచ్చిన నియమము, ప్లగ్గు ఉత్తరపు గోడకున్నదను నొక్క కారణమున, అద్దెకు దిగిన రాత్రియే సడలిపోయినది. పలుపు మేరకు మించి గేదె మేయలేనట్లు, ఛార్జరు తీగ పొడవగు నొక మీటరు వ్యాసార్ధములోనే యితని శయన భోజన వినోదములన్నియు జరిగిపోవును. ఆ వలయమునకు వెలుపలి గది యెవరిదో చెప్పలేను. బహుశః బొద్దింకలది కావచ్చును.

గడియారము, క్యాలెండరు, టార్చి, రేడియో, తుదకు ముఖము చూచుకొను అద్దము కూడ ఫోను గర్భమున లయించినందున గోడలు దిగంబరములై యున్నవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా కారుచవుక కాకమునుపు ఇట్టివారు టీవీ యెదుటనైనను కూర్చుండెడివారు. మంచము దానివైపు తిరిగి యుండెడిది. చూపు అరచేతికి దిగిన పిమ్మట గదికి ముఖమే లేకపోయెను. కుర్చీ యొకటి యున్నది గాని, యది విడిచిన బట్టలకు. తల్లి భీమవరమునుండి పంపిన యావకాయ జాడీకి మాత్రము మిక్కిలి గౌరవము: అన్నము తినునప్పుడు ఫోనును ఆనించుటకు దానిని మించిన పీఠము లేదు. ఆవకాయ నిండుకున్నను జాడీ కదలదు.

అయినను గదిలో నాలుగడుగుల గోడ యొకటి నిష్కళంకముగా నున్నది. వేంకటేశ్వరుని పటము, ఉతికిన దుప్పటి, ఎన్నడును తెరవని పుస్తకములు రెండు: రాత్రి వీడియో కాలులో తల్లి కంటబడు మేర యంతే. “ఎంత నీటుగా పెట్టుకున్నావురా నాన్నా!” అని యామె మురియును. తక్కిన మూడు గోడలను గూర్చి యామెకు గాని, సంబంధమునకై వాకబు చేయువారికి గాని నేటివరకు సమాచారము లేదు. తల్లులారా, ముందు కెమెరాను నమ్మకుడు. ఈ రాత్రి “వెనక కెమెరా పెట్టు నాన్నా” అని యొక్కమా రడిగి చూడుడు.