రేవుగట్టు పండితుడు

లివర్‌పూల్‌లో సాల్ట్‌హౌస్ డాక్ గట్టున, నేల మీదా నీళ్లలోనూ నడిచే పాత సైనిక వాహనం ఒకటి ఆగిందంటే, పక్కన ఒక పెద్దమనిషి ఉండితీరతాడు. వాహనం ఆయనది కాదు. సైన్యంలో పనిచేసినవాడూ కానక్కర్లేదు. సంతలో ఎద్దును బేరమాడేవాడు పళ్లు పట్టి చూసినట్టు, వంగి దాని పొట్ట కిందికి తొంగిచూస్తాడు. వెనక పంకా ఉంటే అమెరికా వారి డక్, నీళ్లు చిమ్మే జెట్లుంటే బ్రిటిష్ వారి స్టాల్వర్ట్. తేలిపోయింది కదా, ఇంటికి వెళ్లొచ్చు. వెళ్లడు. పిల్లల్ని వెంటేసుకుని ఎవరైనా వచ్చి, "అదిగో పడవ బస్సు!" అనేదాకా ఆగి, అప్పుడు మెల్లగా దగ్గుతాడు. అందరూ దీన్ని వాహనాల పిచ్చి అంటారు. నేననేది, ఇది సరిదిద్దే పిచ్చి. అందుకు ఉభయచర వాహనాన్ని మించిన సరుకు లేదు. పడవంటే తప్పు, లారీ అంటే తప్పు, ట్యాంకంటే మహాపరాధం. ఎవరు ఏ పేరు పెట్టినా ఆయనకు పని దొరుకుతుంది.

ఆ డక్ పేరే చూడండి. నీళ్లలో ఈదుతుంది కనక బాతు అనుకుంటాం. కాదట, డి-యు-కె-డబ్ల్యూ అనే నాలుగు అక్షరాలట. 'డి' అంటే 1942 నాటి నమూనా, 'యు' అంటే సర్వోపయోగం, 'కె' అంటే ముందు చక్రాలకూ ఇంజను శక్తి, 'డబ్ల్యూ' అంటే వెనక రెండు ఇరుసులకూ. ముప్పై ఒక్క అడుగుల బండి, ఆరు చక్రాలు, రెండున్నర టన్నుల మోత. ఇరవై ఒక్క వేలకు పైగా తయారయ్యాయి. 1943లో సిసిలీ దాడిలో, 1944లో నార్మండీ దాడిలో దిగాయి. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, టైర్ల దగ్గర మాత్రం కుదురుగా నిలబడతాడు. ఇసుకలోకి దిగేముందు డ్రైవరు సీట్లోంచి లేవకుండానే గాలి తగ్గించుకోవచ్చు, రోడ్డెక్కాక నింపుకోవచ్చు. నిజంగానే ముచ్చటైన ఏర్పాటు. కాకపోతే వింటున్న పిల్లాడికి అప్పటికి ఐస్‌క్రీమ్ మీదికి మనసు పోయి ఉంటుంది.

ఆయన లేకపోతే ఈ సంగతులు ఎవరికి గుర్తుంటాయి, జ్ఞానం పంచడం తప్పా అంటారా? పంచడమే ఆనందమైతే, తెలిసినవాడు ఎదురైనప్పుడు మొహం ఎందుకు ముడుచుకుంటుంది? ఇద్దరు పండితులు స్టాల్వర్ట్ దగ్గర కలిస్తే చూడాలి. దాని ఒక పక్క మూడు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కనక, గట్టి రోడ్డు మీద మలుపులు తిప్పితే లోపలి గేర్ల మీద ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ మాట ఇద్దరికీ తెలుసు. అయినా ముందెవరు అంటారా అని ఒకరి నోరు ఒకరు చూస్తుంటారు.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యలేం. 2013లో ఇదే డాకులో మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి, యాత్రికుల్ని తిప్పే డక్‌లు మునిగాయి. జూన్‌లో జనం ఉన్నారు, అందరూ బతికి బయటపడ్డారు. ఆ ఊసెత్తి "పడవ మునిగిందట కదా" అంటే మాత్రం ఆయన సరిదిద్దడు. డెబ్బై ఏళ్ల బండి అంటాడు, ఇంట్లో ముసలాయన జారిపడ్డ సంగతి చెబుతున్నట్టు. ఆ ఒక్క మాట దగ్గర నా వాదన కొంచెం కుంటుతుందని ఒప్పుకుంటాను.

అసలు ఆయన్ని ఆడిపోసుకునే అర్హత మనకుందా? మన వీధిలో గుంట తవ్వుతుంటే చుట్టూ మూగి, "జేసీబీ భలే తవ్వుతోంది" అనుకుంటాం. జేసీబీ అన్నది కంపెనీ పేరండీ, ఆ యంత్రాన్ని బ్యాక్‌హో లోడర్ అంటారు. చూశారా, అడక్కుండానే చెప్పేశాను.

మీరెప్పుడైనా ఆ గట్టు మీదికి వెళ్తే, వంగి చూస్తున్న పెద్దమనిషి దగ్గరికెళ్లి, "ఇది ట్యాంకేనాండీ?" అని అడగండి. గంటసేపు తీరిక ఉంటేనే సుమా.