చెక్కకూ ఇనుముకూ ఒకటే మిషనంట!

అనంతపురంలో పనిముట్లు అమ్మేవాళ్ళ నోట ఈ మధ్య ఒక మహిమ గల మిషన్ పేరు వినిపిస్తోంది: బెల్ట్ శాండర్. టేకు తలుపును నున్నగా చేస్తుందట, వేప దూలం గరుకు తీస్తుందట, కొడవలికి సాన పెడుతుందట. ఇంకాస్త బతిమాలితే వానా కురిపిస్తుందేమో. మరి ఇనుముకు బెల్ట్ గ్రైండర్ వేరే ఎందుకంటే, “రెండూ బెల్టే కదన్నా!” అని జవాబు.

బెల్టే. పోలిక అక్కడితో సరి. చేతి శాండర్ పట్టీ మామూలుగా 3 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల పొడవు; నిమిషానికి 300 మీటర్లకు అటూఇటూ తిరుగుతుంది. కింద చదును పలక, వెనక పొట్టు సంచి. పడుకోబెట్టిన తలుపు మీద అది నడవాలి. గ్రైండర్‌ది తిరగేసిన సంసారం. మిషన్ బల్లకు అంటుకుని ఉంటే ఇనుమే దాని దగ్గరికి రావాలి. కత్తులు చేసేవాళ్ళు ఇష్టపడే రకానికి పట్టీ 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు, వేగం నిమిషానికి 1,500 మీటర్ల దాకా.

లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి, నీరు పెట్టి చేసిన కొడవలిని బిగించి, దాని మీద శాండర్ నడిపి చూడండి. 220 డిగ్రీల దగ్గర అంచు లేత పసుపు తిరుగుతుంది. ఊదా దాటి నీలం తేలిందంటే 300 దగ్గరికి వచ్చినట్టే. ఆ అంచు జొన్న కోతలో ఎక్కువసేపు నిలవదు. గ్రైండర్ మీదైతే ఇంకా త్వరగా కాలుతుంది, కాకపోతే కొడవలి చేతిలోనే ఉంటుంది. వేడెక్కగానే పక్కనున్న బక్కెట్టులో ముంచొచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఆ బక్కెట్టునూ ఖర్చు కింద రాసుకోవాలనుకోండి!

పొద్దున టేకు పొట్టుతో నిండిన సంచిలోకి మధ్యాహ్నం ఉక్కు రవ్వలు పడితే నిప్పే. ఇనుము రాపేముందు సంచి తీసేయమని మిషన్‌తో వచ్చే పుస్తకాలు మొత్తుకుంటాయి. ఆ పుస్తకమేమో డబ్బాతో పాటే పాత సామాన్లవాడి బండెక్కుతుంది.

రెండు పనులూ వేరని సర్కారుకూ తెలుసు. చేతివృత్తులవాళ్ళ కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం. అందులో వడ్రంగి వేరు, కమ్మరి వేరు. ఢిల్లీకి తెలిసిన తేడా మన అంగట్లో మాయమైంది.

గ్రైండరుంటే శాండర్ దండగ అనే పెద్దమనుషులూ లేకపోలేదు. వాళ్ళు ఆరడుగుల తలుపును ఎత్తిపట్టి 2 అంగుళాల పట్టీకి ఆనించాలి. ఇద్దరు కూలీలు, ఒక ఆసుపత్రి.

ఇంత చెప్పినా అమ్మేవాడు తగ్గడు. శాండర్‌ను వెల్లకిలా బల్లకు బిగించే స్టాండు తీసి, ఇదిగో గ్రైండర్ అంటాడు. చిన్న చెక్కముక్కలు రాపడానికి అది పనికొస్తుంది, కాదనలేం. కానీ వెల్లకిలా వేసినా పట్టీ 21 అంగుళాలే, వేగం 300 మీటర్లే. ఆ సంగతి అడిగితే తల గోక్కుని, “స్టాండు రేటు మాత్రం వేరేనన్నా” అంటాడు.