విజయవాడకు వీసా

ఆదివారం ఒక్క పూట విజయవాడ వెళ్లి రావాలన్నా విద్యార్థిని తండ్రి సంతకంతో పాటు, తోడు వెళ్లే క్లాస్‌మేట్ తండ్రి సంతకం కూడా ఉండాల్సిందేనని గుంటూరు దాపున ఒక ఇంజనీరింగ్ కళాశాల తన ఆడపిల్లల హాస్టల్‌కు ఈ వారం పంపిన సర్క్యులర్‌ను పలువురు ఒట్టి చాదస్తమని కొట్టిపారేశారు. ఇది తొందరపాటు విమర్శ. హాస్టల్ నిబంధనగా చదివితే వింతగా తోచే ఆ కాగితాన్ని దౌత్యపత్రంగా చదివితే ప్రతి వాక్యానికీ అర్థం దొరుకుతుంది.

శాశ్వత జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం అనే నాలుగు లక్షణాలున్నదే రాజ్యమని 1933 నాటి మాంటెవిడియో ఒడంబడిక నిర్ణయించింది. ఏడాది ఫీజు ముందే కట్టేసి ఎటూ కదలలేని విద్యార్థినులు శాశ్వత జనాభా కాగా, గాజు పెంకులు గుచ్చిన ప్రహరీ సరిహద్దు, వార్డెన్ మేడమ్ ప్రభుత్వం, నాన్నగార్లతో ఫోనులో నడిచేవి విదేశీ వ్యవహారాలు. కనుక హాస్టల్ సార్వభౌమ రాజ్యమనీ, దాదాపు 35 కిలోమీటర్ల అవతల కృష్ణ ఒడ్డున ఉన్న విజయవాడ పరదేశమనీ శాస్త్రప్రకారం తేలుతుంది.

ఔట్‌పాస్ అనగా ఈ రాజ్యం తన పౌరులకిచ్చే నిష్క్రమణ వీసా, అంటే సొంత గడ్డ దాటడానికి సొంత ప్రభుత్వమే దయచేసే అనుమతి. ఒకప్పటి సోవియట్ యూనియన్‌లో ఈ ఏర్పాటు ఉండేది. లోకల్ గార్డియన్ అనగా పరదేశంలో పూచీ పడే బంధువు. బెజవాడలో బాబాయి గాని మేనత్త గాని లేని పిల్ల ఈ విషయంలో పుట్టుకతోనే అనర్హురాలు. ఇమిగ్రేషన్ విభాగాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ నిర్వహిస్తాడు. పురికొసతో బల్లకు కట్టేసిన పెన్నుతో పేరు, రూమ్ నంబరు, వెళ్లే చోటు, వెళ్లే పని అని గళ్లు గీసిన రిజిస్టరు నింపాలి. పని అనే గడిలో పై నుంచి కింది దాకా అందరూ ‘గుడి’ అనే రాస్తారు. ఎందుకంటే ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మ పేరిట ఇచ్చే భక్తి వీసా, పంటి నొప్పికి ఇచ్చే వైద్య వీసా తప్ప మరో తరగతి లేదు. బీసెంట్ రోడ్డులో చున్నీ బేరమాడటానికి, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేయడానికి, మ్యాట్నీ చూసి పునుగులు తిని రావడానికి అవసరమైన టూరిస్టు వీసాను ఈ రాజ్యం ఇంకా కనిపెట్టలేదు.

సర్క్యులర్‌లోని అసలు ప్రతిభ క్లాస్‌మేట్ విషయంలో బయటపడింది. ఒకతే వెళితే ప్రమాదం, ఇద్దరు కలిసి వెళితే కుట్ర అన్నది దీని మూలసూత్రం కనుక, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు తండ్రులు, ఒకరు మార్కాపురంలోనూ ఒకరు పాలకొల్లులోనూ ఉండి, ద్వైపాక్షిక ఒప్పందం కుదుర్చుకోవలసి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే గడువు మీరిన నివాసం కింద లెక్క. బస్సు కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుందన్న వాదనను ఏ ఒడంబడికా అంగీకరించదు.

పొరుగు ప్రభుత్వాలు మాత్రం ఈ సార్వభౌమత్వాన్ని గౌరవించడం లేదు. రాజ్యాంగం 19(1)(డి) అధికరణం పౌరులు దేశమంతటా స్వేచ్ఛగా తిరగవచ్చంటున్నది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ కండక్టరు ఆధార్ కార్డు చూసి, నాన్న ఫోన్ నంబరు అడగకుండానే, ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్ కొట్టి ఇస్తున్నాడు. చివరికి అమెరికా సైతం ఈ కట్టుబాటు పాటించదు: హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర ఎంఎస్ చదవబోయే పిల్లను నాలుగు ప్రశ్నలడిగి పంపే అధికారి, ఆమెతో డాలస్ విమానమెక్కే స్నేహితురాలి తండ్రి ఒప్పుకున్నాడా అని విచారించడు.

ఈ విధానానికి విజ్ఞానశాస్త్ర దన్ను లేకపోలేదు. కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర ఆంక్షను సవాలు చేసిన కేసులో, 2022లో కేరళ ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం మనిషి మెదడు 25 ఏళ్లకు గాని పరిపక్వం కాదని ఆ రాష్ట్ర హైకోర్టుకు విన్నవించింది. అదే పచ్చి మెదడుతో హౌస్‌సర్జన్లు రాత్రంతా క్యాజువాల్టీలో ప్రాణాలు నిలబెడుతుంటారన్న సంగతి సిద్ధాంతానికి అడ్డు రాలేదు.

అయితే ఈ రాజ్యానికి ఎదురుగానే, అదే యాజమాన్యం కింద, అవే ఫీజులతో మగపిల్లల హాస్టల్ ఉంది. అక్కడ వీసా లేదు, ఆరింటి గడువు లేదు, తండ్రుల ఒప్పందాలు లేవు. భద్రత సాకుతో విద్యార్థినులకు మగపిల్లలకు లేని వివక్షాపూరిత నిబంధనలు పెట్టరాదని యూజీసీ 2016లో నోటిఫై చేసిన నిబంధనావళి స్పష్టంగా చెబుతుండగా, దాన్ని తొక్కిపట్టి నడుస్తున్న దందాకు రక్షణ అని పేరు పెట్టడం పచ్చి అబద్ధం. ప్రాంగణంలోనే ఎవడో ఒకడు చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలో, ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారో నోటీసు బోర్డు మీద రాసి పెట్టే తీరిక లేని వాళ్లకు, బీసెంట్ రోడ్డుకు వెళ్లే పిల్ల క్షేమం మీద బెంగ పుట్టిందంటే నమ్మేదెవరు? పద్దెనిమిది నిండిన ఆ పిల్లనే పెళ్లిచూపుల్లో పావుగంట చూసిన మనిషి వెంట ఏ ఊరికైనా పంపేటప్పుడు ఏ వార్డెనూ రిజిస్టరు తెరవదు, ఏ యాజమాన్యమూ రెండో సంతకం అడగదు. ఓటు వేసి ప్రభుత్వాన్ని ఎన్నుకునే మనిషి సంతకం తన ప్రయాణానికి తానే పెట్టుకుంటే చెల్లదని చెబుతున్న ఆ కాగితం కోరేది ఆమె క్షేమం కాదు. ఆమె ఎవరి సొత్తో రాతపూర్వకంగా ఒప్పించుకోవడమే దాని పని.